గాయం తర్వాత నొప్పికి నీటి చికిత్స: కర్నూలు, అనంతపురం, కడప వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

ద్విచక్ర వాహనం మీద నుంచి పడి మోకాలు దెబ్బతిన్నవారు, వేరుశనగ చేలో గట్టు దిగుతూ చీలమండ బెణికినవారు, బేతంచెర్ల వైపు నాపరాతి పనిలో నడుము పట్టేసినవారు, తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకున్న పెద్దవారు ఫిజియోథెరపీకి వచ్చినప్పుడు నీటి గురించి తప్పకుండా అడుగుతారు. నొప్పి ఉన్నచోట వేడినీళ్లతో కాపడం పెట్టడం మన ఇళ్లలో తరతరాల అలవాటు కనుక ఆ ప్రశ్న సహజమే. అయితే ఒంటి మీద నీళ్లు పోసుకోవడం వేరు, నీటిలోకి దిగి దెబ్బతిన్న భాగాన్ని కదిలించడం వేరు. మేలు ఎక్కువగా రెండవదానిలోనే ఉందని నా దృఢాభిప్రాయం. కింది సమాధానాలలో చాలావరకు ఆ తేడాను వివరించడానికే ప్రయత్నించాను.

నీటి చికిత్స అంటే సరిగ్గా ఏమిటి?

నీటి వేడిని, చల్లదనాన్ని, తేల్చే గుణాన్ని, ఒత్తిడిని ఉపయోగించి నొప్పిని తగ్గించి కదలికను తిరిగి తెచ్చే పద్ధతి. చన్నీటి గుడ్డ వేయడం, గోరువెచ్చని నీటిలో కాలు ముంచడం, ఛాతీలోతు నీటిలో నడవడం మూడూ ఇందులోకే వస్తాయి. ఇది గాయానికి చేసే అసలు వైద్యానికి తోడుగా ఉండేదే తప్ప దానికి బదులు కాదు. విరిగిన ఎముకను నీరు అతికించదు, తెగిన కండరబంధాన్ని కుట్టదు.

నీటిలో ఉన్నప్పుడు నొప్పి ఎందుకు తగ్గుతుంది?

అన్నిటికంటే ముఖ్యమైన కారణం బరువు తగ్గడం. శరీరం ఎంత నీటిని పక్కకు తొలగిస్తే అంత బలంతో నీరు దానిని పైకి నెడుతుంది. నడుములోతు నీటిలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు సుమారు సగానికి, ఛాతీలోతులో సుమారు మూడోవంతుకు, మెడలోతులో సుమారు పదోవంతుకు తగ్గుతుంది. అంటే 60 కిలోల మనిషి ఛాతీలోతు నీటిలో నిలబడితే ఆయన మోకాళ్లు, చీలమండలు మోసేది ఇంచుమించు 20 కిలోలే. నేల మీద ఒక్క అడుగు వేయడానికి భయపడే వ్యక్తి నీటిలో పది అడుగులు వేయగలగడానికి ఇదే కారణం. బరువును ఎంత తగ్గించాలో లోతును బట్టి నిర్ణయించుకోగల సౌలభ్యం మరే వ్యాయామ సాధనంలోనూ ఇంత చౌకగా దొరకదు.

రెండవది ఒత్తిడి. లోతు పెరిగే కొద్దీ నీరు చర్మాన్ని అన్నివైపుల నుంచి ఎక్కువగా నొక్కుతుంది. ఒక మీటరు లోతులో ఆ ఒత్తిడి రక్తపోటు కొలిచే లెక్కలో సుమారు 74 మిల్లీమీటర్లు ఉంటుంది. నిలబడినప్పుడు పాదాలు అన్నిటికంటే లోతుగా ఉంటాయి కనుక అక్కడ పేరుకున్న వాపు నీరు పైకి, గుండె వైపు కదలడానికి ఈ నొక్కుడు తోడ్పడుతుంది.

మూడవది వెచ్చదనం. గాయమైన చోటును కాపాడుకోవడానికి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. చాలా రోజుల తర్వాత మిగిలే నొప్పిలో ఈ బిగువుకూ పెద్ద వాటా ఉంటుంది. గోరువెచ్చని నీరు ఆ బిగువును సడలిస్తుంది. దానికి తోడు చర్మానికి తగిలే స్పర్శ, వెచ్చదనపు సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయి. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం చెప్పేది దీనినే. దెబ్బ తగిలిన చోటును మనం తెలియకుండానే రుద్దుకోవడంలో ఉన్న సూత్రమూ ఇదే.

చివరిగా నీటి నిరోధం. చేతిని నెమ్మదిగా కదిపితే నీరు దాదాపు అడ్డుపడదు. వేగం రెట్టింపయితే అడ్డు సుమారు నాలుగు రెట్లవుతుంది. నొప్పి అనిపించి ఆగిన క్షణంలోనే ఆ అడ్డు మాయమవుతుంది. చేతిలో ఇనుప బరువు ఉంటే మీరు ఆగినా అది లాగుతూనే ఉంటుంది. గాయపడిన కీలుకు ఈ తేడా చాలా విలువైనది.

దెబ్బ తగిలిన వెంటనే వేడినీళ్లు పోసుకోవచ్చా?

పోసుకోకూడదు. మన ప్రాంతంలో నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇది. బెణికిన రోజు సాయంత్రమే అండాలో నీళ్లు కాచి ధారగా పోస్తారు, పైగా గట్టిగా మర్దన కూడా చేస్తారు. లోపల చిన్న రక్తనాళాలు చిట్లి ఉన్నప్పుడు వేడి వాటిని మరింత విప్పార్చి వాపును పెంచుతుంది. మర్దన చిట్లినదానిని మళ్లీ చిట్లిస్తుంది. మొదటి 48 నుంచి 72 గంటల వరకు వేడి, మర్దన రెండూ వద్దు.

ఆ రోజుల్లో చల్లదనం నొప్పిని తగ్గిస్తుంది. మంచు ముక్కలను పలుచని గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఉంచి తీసేయాలి. రెండు మూడు గంటల తర్వాత మళ్లీ పెట్టవచ్చు. మంచును నేరుగా చర్మానికి ఆనించకూడదు. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే కడవ నీళ్లలో తడిపిన గుడ్డను మార్చి మార్చి వేసినా కొంత ఊరట ఉంటుంది. చల్లదనం గాయాన్ని త్వరగా మాన్పుతుందనడానికి గట్టి ఆధారం లేదు. నొప్పి తగ్గించడం వరకే దాని పని.

దెబ్బతిన్న కాలి మీద నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, చీలమండ ఎముక మీద వేలితో నొక్కినప్పుడు తీవ్రమైన నొప్పి ఉంటే, అవయవం వంకర తిరిగినట్టు కనిపిస్తే, తిమ్మిరి ఎక్కినా, వేళ్లు పాలిపోయినా నీటి సంగతి పక్కన పెట్టి ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ బోధనాసుపత్రులలో ఎముకల విభాగాలు ఉన్నాయి. కదలలేని స్థితిలో ఉంటే 108కి ఫోన్ చేయాలి.

కుట్లు, సిమెంటు కట్టు, పుత్తూరు కట్టు ఉన్నవారు ఎప్పుడు మొదలుపెట్టాలి?

కుట్లు తీసి, గాయం పూర్తిగా మూసుకుని, ఎక్కడా చెమ్మ ఊరకుండా ఉన్నప్పుడే నీటిలో మునగాలి. దీనికి సాధారణంగా రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారిలో గాయం మానడం ఆలస్యమవుతుంది కనుక రోజులు లెక్కపెట్టడం కంటే శస్త్రచికిత్స చేసిన వైద్యుడు గాయాన్ని చూసి చెప్పిన మాటే ప్రమాణం. సిమెంటు కట్టు తడిస్తే మెత్తబడి పట్టు కోల్పోతుంది, లోపల చర్మం చీముపడుతుంది. కట్టు తీసేదాకా ఆగవలసిందే.

మన జిల్లాల నుంచి పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఎముక ఏ స్థితిలో ఉందో ఎక్స్‌రే చూడకుండా కట్టు విప్పి నీటిలో వ్యాయామం మొదలుపెట్టడం ప్రమాదం. ఎముక అతికిందని చిత్రంలో కనిపించాకే మొదలుపెట్టండి.

ఏ గాయాలకు ఇది బాగా పనికొస్తుంది?

చీలమండ బెణుకు, మోకాలి స్నాయువుల గాయాలు, మోకాలు లేదా తుంటి శస్త్రచికిత్స తర్వాత వచ్చే బిగువు, కట్టు తీశాక మణికట్టు, మోచేయి పట్టేయడం, కండరాలు పట్టడం వల్ల వచ్చే నడుము నొప్పి, భుజం పైకి లేవకపోవడం వీటికి ఉపయోగం ఎక్కువ. గాయానికి ముందే మోకాళ్లు అరిగి ఉన్న పెద్దవారికి కూడా మేలు ఉంటుంది. మోకాలు, తుంటి కీళ్ల అరుగుదలపై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2016లో వెలువడిన కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష, నీటి వ్యాయామం వల్ల నొప్పి కొద్దిగా తగ్గుతుందని, కదలిక కొద్దిగా మెరుగవుతుందని తేల్చింది. ‘కొద్దిగా’ అనే మాటను దాచకుండా చెప్పడం అవసరం. ఎవరైనా పది రోజుల్లో పూర్తి నయమని హామీ ఇస్తే నమ్మకండి.

నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి?

నెమ్మదిగా చేసే వ్యాయామానికి 32 నుంచి 35 డిగ్రీల నీరు అనుకూలం. ముంచినప్పుడు వేడీ చలీ అనిపించని స్థితి అది. కాపడానికి మాత్రమే కాలు, చేయి ముంచేటట్టయితే 38 నుంచి 40 డిగ్రీల వరకు పెట్టుకోవచ్చు, 15 నిమిషాలు చాలు. అంతకు మించితే మేలు పెరగదు, చర్మం కాలే ప్రమాదం పెరుగుతుంది. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణాల్లోనే లోతుగా కాలుస్తుంది.

నీటి వేడిని కొలిచే థర్మామీటరు లేకపోతే మోచేతితో పరీక్షించాలి. చక్కెర వ్యాధి వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు మాత్రం తమ ఒంటితో పరీక్షించుకోకూడదు. ఇంట్లో మరొకరు చూడాలి. నీళ్లు వేడిగా ఉన్నాయని తెలియకుండానే పాదాలు బొబ్బలెక్కి, అవి పుండ్లుగా మారి వేలు తీసేయవలసి వచ్చే పరిస్థితి ఆ వ్యాధిలో నిజంగా వస్తుంది. మరొక విషయం మన సీమ ఎండలకు సంబంధించినది: ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంతగా కాగుతాయి. కుళాయి తిప్పి నేరుగా కాలు కింద పెట్టకుండా ముందు బకెట్‌లో పట్టి, తాకి చూసి, తర్వాత వాడుకోండి.

మాకు ఈత కొలను లేదు, నీళ్లకే కటకట. ఇంట్లో ఏమి చేయగలం?

ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో ఈ ప్రశ్న రావడం న్యాయమే. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంట్లో రోజూ తొట్టి నిండా నీళ్లు పెట్టుకోండని చెప్పడం సలహా అనిపించుకోదు. చీలమండ, పాదం, మణికట్టు, మోచేయి గాయాలకు ఒక్క 20 లీటర్ల బకెట్ సరిపోతుంది. వాడిన నీటిలో ఉప్పు, సబ్బు కలపకపోతే ఆ నీటిని చెట్లకు పోయవచ్చు.

చీలమండకైతే కదలని కుర్చీలో కూర్చుని, పిక్క సగం మునిగేలా కాలు ముంచాలి. మొదట రెండు నిమిషాలు ఊరికే ఉంచాలి. తర్వాత పాదాన్ని పైకి, కిందికి నెమ్మదిగా 10 సార్లు కదపాలి. ఆపైన మడమను కదలనీయకుండా బొటనవేలితో నీటిలో అ, ఆ, ఇ, ఈ అని అచ్చుల వరుస మొత్తం రాయాలి. అక్షరాలలోని మలుపులు చీలమండను అన్ని దిక్కులకూ తిప్పుతాయి. మన లిపిలో సున్నాలు, కొమ్ములు ఎక్కువ కనుక ఈ వ్యాయామం తెలుగువారికి మరింత బాగా కుదురుతుందని నాకనిపిస్తుంది. చదువురాని పెద్దవారికి ముగ్గు గీతలు గీయమని చెబితే సరిపోతుంది. మణికట్టుకైతే నీటిలోనే పిడికిలి బిగించి విప్పడం, చిన్న తువ్వాలును మెల్లగా పిండడం, అరచేతిని పైకి కిందికి తిప్పడం చేయాలి. రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ 10 నుంచి 15 నిమిషాలు.

రెండు వారాలు దాటాక కూడా పాదం వాపు, బరువు మిగిలి ఉంటే రెండు బకెట్ల పద్ధతి ప్రయత్నించవచ్చు. గోరువెచ్చని నీటిలో మూడు నిమిషాలు, చల్లని నీటిలో ఒక నిమిషం చొప్పున నాలుగైదు విడతలు మార్చుతారు. కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి ఏ తేడా కనిపించదు. మూడు రోజుల్లో తేడా తెలియకపోతే మానేయండి.

నడుము, తుంటి, భుజం గాయాలకు బకెట్ పనికిరాదు. వాటికి వెచ్చని తడి తువ్వాలు కాపడం పెట్టి, తర్వాత నేల మీద వ్యాయామం చేయడమే దారి. పెరట్లోని నాపరాతి తొట్టిలోకో, సిమెంటు తొట్టిలోకో దిగవద్దు. పాచి పట్టిన రాయి మీద జారితే రెండో కాలు కూడా పోతుంది.

ఈత కొలను అందుబాటులో ఉంటే ఏమి చేయాలి? ఈత రావాలా?

ఈత రావలసిన అవసరం లేదు. నేల కాలికి అందే చోట, అంచు పట్టుకుని చేసే వ్యాయామాలే ఇవన్నీ. అయినా ఒంటరిగా దిగకూడదు, ఈత వచ్చిన మనిషి ఒకరు దగ్గర ఉండాలి.

మొదటి వారం ఛాతీలోతులో ముందుకు, వెనక్కు, పక్కకు నడవండి. మడమ మొదట ఆనించి తర్వాత వేళ్లు ఆనించే సరైన నడకనే చేయాలి, ఎందుకంటే నొప్పి వల్ల అలవాటైన కుంటు నడకను మాన్పించడానికి నీటిలోనే మంచి అవకాశం దొరుకుతుంది. మొదటిసారి 10 నిమిషాలకు మించవద్దు. నీటిలో తేలికగా అనిపించడం వల్ల ఎక్కువ చేసేస్తారు, ఆ రాత్రి నొప్పితో నిద్ర ఉండదు. తర్వాత అంచు పట్టుకుని మోకాలు మడవడం, కాలిని ముందుకు వెనక్కు ఊపడం, మునివేళ్ల మీద లేవడం కలపండి. భుజానికైతే మెడ వరకు మునిగి చేయిని నీటి మీదకు తేలనివ్వండి. నీరే దాన్ని పైకి లేపుతుంది, మీరు దానికి అడ్డుపడకుండా ఉంటే చాలు. క్రమంగా వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారీ 30 నిమిషాల వరకు వెళ్లవచ్చు.

ఎంత నొప్పి వరకు భరించాలి అని తప్పకుండా అడుగుతారు. నొప్పిని 0 నుంచి 10 వరకు లెక్కిస్తే 3 దాటకుండా చేయండి. మరుసటి రోజు అదే వేళకు నొప్పి మునుపటి స్థాయికి దిగాలి. దిగకపోతే తర్వాతి సారి సగం చేయండి.

మామూలు ఈత కొలనుల నీరు 26 నుంచి 28 డిగ్రీలు ఉంటుంది. వేగంగా ఈదేవారికి అది బాగుంటుంది గానీ నెమ్మదిగా నడిచేవారికి వణుకు పుట్టించి కండరాలను బిగిస్తుంది. కార్తీకం నుంచి మాఘం దాకా ఆరుబయటి కొలనులకు ఉదయం కాకుండా ఎండ పడిన తర్వాత వెళ్లడం మంచిది. చేరేముందు మెట్లకు పట్టుకునే కడ్డీ ఉందా, నీటిలో క్లోరిన్ రోజూ పరీక్షిస్తారా అని అడగండి. అడుగు స్పష్టంగా కనిపించని నీటిలో దిగవద్దు.

కాలువలో, బావిలో, మహానంది కోనేరులో చేయవచ్చా?

కాలువ వద్దు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా సాగే కె.సి. కాలువలో నీరు వదిలినప్పుడు ప్రవాహం ఆరోగ్యవంతుడినే లాగేస్తుంది, బలం లేని కాలితో నిలదొక్కుకోవడం అసాధ్యం. దిగుడు బావుల మెట్లు పాచితో జారుతాయి. నిలవ నీటిలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి చర్మం మీది చిన్న గీతల గుండా లోపలికి వెళ్లి కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీయగలదు. మహానంది కోనేటి నీరు ఊటగా ఊరి నిరంతరం పారుతూ అడుగు కనిపించేంత స్వచ్ఛంగా ఉంటుంది. భక్తితో స్నానం చేయండి. వ్యాయామశాలగా మాత్రం దాన్ని వాడుకోవద్దు. మెట్ల మీద, జనం మధ్య, పట్టుకోవడానికి ఏమీ లేనిచోట కొత్తగా మానుతున్న కాలికి భద్రత లేదు.

వావిలాకు, ఉప్పు వేస్తే మంచిదా?

వావిలాకు కాచిన నీళ్లు బాలింతలకు, ఒళ్లునొప్పులకు వాడడం మనకు తెలిసినదే. చర్మం తెగకుండా ఉంటే ఆ నీటితో కాపడం పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు. దురద, ఎరుపు కనిపిస్తే ఆపాలి. ఎప్సమ్ ఉప్పు గురించి ప్రకటనలు చాలా చెబుతాయి గానీ అందులోని మెగ్నీషియం చర్మం గుండా కండరాల్లోకి చేరి నొప్పి తగ్గిస్తుందనడానికి బలమైన రుజువు లేదు. ఊరట వచ్చేది వెచ్చదనం వల్లనే. దానికోసం డబ్బు ఖర్చు చేయనక్కరలేదు.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఒంటికి పడుతుందా?

అనంతపురం జిల్లాలో చాలాచోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువే. కానీ అది ముఖ్యంగా తాగడం వల్ల, వంట వల్ల ఒంట్లో చేరుతుంది. కాలు ముంచినందువల్ల హాని కలిగేంతగా చేరదు. ఉప్పదనం ఎక్కువగా ఉన్న నీరు చర్మాన్ని ఎండబెడుతుంది కనుక తుడుచుకున్నాక కొద్దిగా కొబ్బరినూనె రాసుకోండి. దెబ్బ ఏదీ లేకుండానే ఏళ్ల తరబడి మెడ, వెన్ను, కీళ్లు బిగుసుకుపోతుంటే మాత్రం దాన్ని పాత గాయపు నొప్పి అనుకోకుండా వైద్యుడికి చూపించి, తాగే నీటిని పరీక్ష చేయించండి.

ఆడవారు ఏ దుస్తులతో దిగాలి?

చీరతో దిగవద్దు. తడిసిన చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, జారిపడడానికి అదే ప్రధాన కారణమవుతుంది. ఒంటికి పట్టి ఉండే పొడవు ప్యాంటు, పొడవు చేతుల చొక్కా వేసుకుంటే సౌకర్యానికీ మర్యాదకూ లోటు ఉండదు. ఆడవారికి విడిగా సమయం కేటాయించమని కొలను నిర్వాహకులను నలుగురు కలిసి అడగడంలో తప్పేమీ లేదు. ఈ ఒక్క కారణంతో మా దగ్గరికి వచ్చే ఎందరో తల్లులు, అత్తలు మోకాలి నొప్పితో ఇంట్లోనే ఉండిపోవడం బాధాకరం. గర్భిణులు తమ వైద్యురాలిని అడిగాకే దిగాలి, బాగా వేడిగా ఉన్న నీటిని తప్పించాలి.

ఎవరు దూరంగా ఉండాలి?

జ్వరం, విరేచనాలు, చర్మానికి అంటుకునే జబ్బు, మానని పుండు ఉన్నవారు తగ్గేదాకా ఆగాలి. మూర్ఛ అదుపులో లేనివారు, గుండె బలహీనపడి ఆయాసపడేవారు, రక్తపోటు అదుపులో లేనివారు వైద్యుని అనుమతి లేకుండా మెడలోతు నీటిలోకి వెళ్లకూడదు. మునిగినప్పుడు కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండెకు పని పెరుగుతుంది. మద్యం తాగి దిగడం ఏ పరిస్థితిలోనూ తగదు.

ఒక్క విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఎముక విరిగి మంచం మీద ఉన్నవారికి, కట్టు వేయించుకున్నవారికి ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పి పుడుతుంటే అది లోపలి సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. దానికి వేడినీళ్లు పోయకండి, మర్దన చేయకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

ఎన్నాళ్లు చేయాలి?

సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు. నీటిలో హాయిగా ఉందని అక్కడే ఉండిపోకూడదు. ఎముకకు, కండరానికి బలం రావాలంటే శరీరపు పూర్తి బరువు వాటి మీద పడాలి. అందుకే ఛాతీలోతు నుంచి నడుములోతుకు, అక్కడి నుంచి నేల మీదికి వారం వారం మార్చుతూ రావాలి. నడుములోతులో కుంటకుండా 15 నిమిషాలు నడవగలిగితే నేల మీద వ్యాయామాలు మొదలుపెట్టే వేళ అయిందని అర్థం.

నీటి నుంచి బయటికి వచ్చాక కళ్లు తిరుగుతున్నాయి. ఎందుకు?

వెచ్చని నీటిలో రక్తనాళాలు విప్పారి ఉంటాయి. బయటికి రాగానే నీటి ఒత్తిడి ఒక్కసారిగా తొలగి రక్తం కాళ్లలోకి దిగుతుంది, రక్తపోటు పడిపోతుంది. అందువల్ల చివరి రెండు నిమిషాలు తక్కువ లోతులో నడిచి, మెట్ల మీద కాసేపు కూర్చుని, కడ్డీ పట్టుకుని లేవండి. నీటిలో ఉన్నా చెమట పడుతుంది, తెలియదంతే. బయటికి వచ్చాక ఒక గ్లాసు మజ్జిగో నీళ్లో తాగండి. రక్తపోటు మాత్రలు వాడేవారు తోడు లేకుండా మెట్లు ఎక్కవద్దు.